మాట వెనుక మెతుకు

ఏ భాషలోనైనా మాట ఊరకే పుట్టదు. అది పుట్టిననాటి సమాజం ఏమి తిన్నదో, ఎవరికి తల వంచిందో, దేనికి ఆశపడిందో ఆ మాట తనలో దాచుకొంటుంది. కాలగమనంలో అర్థం మారినా తొలి అర్థపు జాడ పూర్తిగా చెరిగిపోదు. ఆంగ్లంలోని 'లార్డ్' అన్న పదం, దానికి దీటుగా తెలుగువారు వాడిన 'దొర' అన్న పదం ఇందుకు చక్కని నిదర్శనాలు.

వెయ్యేళ్ళకు పూర్వపు ప్రాచీనాంగ్లంలో 'లార్డ్' రూపం వేరు. అది 'హ్లాఫ్‌వెయర్డ్' అనే సమాసం. 'హ్లాఫ్' అంటే రొట్టె. 'వెయర్డ్' అంటే కావలివాడు. నేటి ఆంగ్లంలోని 'లోఫ్', 'వార్డ్' అనే మాటలు ఆ రెండింటి వారసులే. రొట్టెను కాపాడేవాడే ప్రభువు. 'లేడీ' అన్న మాటకు మూలం 'హ్లాఫ్‌డిగె', అనగా రొట్టెకు పిండి పిసికేది. ఆ ఇంటి నీడన బతికే పరిజనుడు 'హ్లాఫ్‌ఏట', అనగా రొట్టె తినేవాడు. ఏడవ శతాబ్ది తొలినాళ్ళ కెంట్ రాజ్య ధర్మశాసనంలో ఈ చివరి మాట కనిపిస్తుంది. కాపాడేవాడు, పిసికేది, తినేవాడు అనే ముగ్గురూ ఒకే పొయ్యికి చెందినవారు. పదిమంది ఆకలికి బాధ్యత వహించడమే అధికారమని ఆనాటి భాష చెప్పింది.

క్రమంగా మాట అరిగింది. మాటతోపాటు బాధ్యతా మరుగున పడింది. రొట్టె పోయి పెత్తనం మిగిలింది. భూస్వామికి, బ్రిటిష్ ఎగువసభ సభ్యునికి, భగవంతునికి కూడా 'లార్డ్' అన్నదే పేరయింది.

తెలుగులో 'దొర' అంటే ప్రభువు, నాయకుడు, యజమాని. 'దొరతనం' అంటే పరిపాలన. ఆయన ఇల్లాలు 'దొరసాని'. ఇందులోని 'సాని' గౌరవవాచకం. సూర్యాపేట సమీపాన ఉన్న పిల్లలమర్రిలో, కాకతీయుల సామంతులైన రేచెర్ల రెడ్ల కాలంలో, 1208లో ఎరకేశ్వరాలయాన్ని నిర్మించిన ఎరకసాని పేరులో ఆ మాట నేటికీ నిలిచి ఉంది.

కోదాడ పొలిమేరలో ఈ 'దొర' రెండుగా చీలాడు. 1948 వరకు కోదాడ నిజాం రాజ్యంలోనిది. దానికి చేరువలోని జగ్గయ్యపేట మద్రాసు రాజధానిలోనిది. ఆవలి నేలపై దొర అంటే తెల్లవాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి గోదావరి డెల్టాలో పైరు పచ్చబడగా, ప్రజలు ఆర్థర్ కాటన్‌ను 'కాటన్ దొర' అని ఆప్యాయంగా పిలుచుకొన్నారు. ఆంగ్లపదపు తొలి అర్థం వారికి తెలియదు. అయినా అన్నానికి దారి చూపినవాడినే వారు దొర అన్నారు.

ఈవలి నేలపై కథ వేరు. నల్లగొండ పల్లెల్లో దొర అంటే గడీలో ఉండే దేశ్‌ముఖు. వేలాది ఎకరాలు అతనివి. కూలి లేని చాకిరీ, అనగా వెట్టి, ఊరిది. కరవునాడు 'నాగు' పేరిట అప్పిచ్చిన ధాన్యానికి పంటనాడు కళ్ళంలోనే వడ్డీతో కొలిపించుకొనేవారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లెవీ ధాన్యపు భారం చిన్నరైతుపైనే పడింది. 'బాంచను, కాల్మొక్తా దొరా' అన్న మాట ఆ బతుకులోనుంచి వచ్చినదే. రొట్టె కావలివాడు కావలసినవాడు ఇక్కడ మెతుకు లాక్కొనేవాడయ్యాడు. 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటం భూమి కోసమే కాదు, ఆ పిలుపు నుండి విముక్తి కోసం కూడా. వంగిన నడుము నిటారు కావాలంటే ముందు నాలుక మారాలి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 18వ అధికరణంతో బిరుదులను, 23వ అధికరణంతో వెట్టిని నిషేధించింది.

అయినా మాటలు చట్టాలంత త్వరగా మారవు. న్యాయస్థానాలలో 'మై లార్డ్' అనడం వలసపాలన అవశేషమని 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలలో చేర్చింది. కాని ఆ సంబోధన నేటికీ వినిపిస్తూనే ఉంది. పల్లెలో వృద్ధుల నాలుకపై 'దొర' ఇంకా మెదులుతాడు. యువతరం మాత్రం 'సార్' అంటుంది. ఆ మాటకు లాటిన్ మూలార్థం 'పెద్దవాడు' మాత్రమే. వయసుకు, విద్యకు ఇచ్చే మన్ననలో తప్పు లేదు. భయంతో పలికే పిలుపు మాత్రం మన్నన కాదు.

1967లో నాగార్జునసాగర్ ఎడమకాలువకు నీరు వదిలాక మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల మెట్టచేలు వరిమళ్ళయ్యాయి. నేడు మిర్యాలగూడ చుట్టూ పదుల కొద్దీ బియ్యపు మిల్లులు నడుస్తున్నాయి. తెల్లవారకముందే మడవ కట్టే రైతు, మోకాటిలోతు బురదలో నాటువేసే స్త్రీ, మిల్లులో బస్తా మోసే హమాలీ, వీరిని ఎవరూ దొర అని గాని, లార్డ్ అని గాని పిలవరు. కాని ఆ పాత ఆంగ్లపదాన్ని విప్పి చూస్తే, అందులోని రొట్టె కావలివారు వీరే. ఒక మాట అసలు అర్థం తెలుసుకోవడమంటే, అది ఎవరికి చెందవలసినదో గుర్తించడం కూడా.