అమ్మమ్మ ఉన్న డిస్కు

మా ఫరీజ్ బిన్ మహమూద్‌లో జూలై మధ్యాహ్నం కారు స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అందుకే హ్యాండీక్యామ్ సంచీ కారులో వదలను. వేడికి లిథియం అయాన్ బ్యాటరీ తొందరగా ముసలిదైపోతుంది మరి. వాడనప్పుడు కెమెరా నుంచి ఊడదీసి, సగం ఛార్జితో నీడపట్టున పెడతాను. ఫ్రిజ్‌లో పెడదామంది మా ఆవిడ. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది, వద్దన్నాను. ఇండియా వెళ్ళేటప్పుడు విడి బ్యాటరీలు చేతిసంచీలోనే, చెకిన్‌లో వేయకూడదు. ఉబ్బినదాన్ని ఛార్జింగ్ పెట్టనే కూడదు.

అసలు బెంగంతా డిస్కుల గురించే. 8 సెంటీమీటర్ల బుల్లి డీవీడీలు, ఒక్కోటి 1.4 జీబీ, మామూలు క్వాలిటీలో అరగంట. 2007లో మా పాపకి ఉగ్గు పెడుతూ అమ్మమ్మ చెప్పిన కబుర్లు ఒకదాంట్లో ఉన్నాయి. ఆవిడ ఇప్పుడు లేదు. డీవీడీ-ఆర్‌లో రికార్డయ్యేది ఒక రంగు పొర మీద, అది ఎండకి చెడుతుంది. అందుకని డబ్బాలో, చీకట్లో, నిలువుగా పెట్టాను. బాల్‌పెన్నుతో పేర్లు రాయను, గీత పడుతుంది. ఇంకో తిరకాసు: ఫైనలైజ్ చేయని డిస్కుని మామూలు ప్లేయర్లు చాలావరకు చదవవు, తీసిన కెమెరాయే కావాలి. బ్యాటరీకి ఇంత సేవ అందుకే!

అమ్మమ్మ డిస్కు రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించాను. ఒకటి బెజవాడలో తమ్ముడి దగ్గరుంది. ఇంకా పదకొండు మిగిలాయి. ఈ శుక్రవారం రెండైనా చూడాలి.