నాలుగు గడియలు

గడియ అనే మాటకి మనకి రెండర్థాలు. ఒకటి తలుపుకి వేసేది, రెండోది కాలాన్ని కొలిచేది. గడియంటే 24 నిమిషాలని చిన్నప్పుడు పంచాంగం చూస్తూ తాతయ్య చెప్పేవారు. ఈ రెండూ ఒకదానికొకటి సంబంధం లేని మాటలనే అనుకుంటూ నలభై దాటేశాను. ఒక కారు బానెట్‌కి నాలుగు గడియలు బిగించడానికి నాలుగు శుక్రవారాలు పట్టాక గానీ ఆ రెంటికీ ఉన్న చుట్టరికం నాకు అర్థం కాలేదు.

సరే, మొదటినుంచీ చెబుతాను. నేనుండేది కువైట్ సిటీలోని మిర్కాబ్‌లో. ఇక్కడివాళ్ళ నోట్లో అది "మిర్గాబ్". కాపలా కాయడానికి అనువైన ఎత్తైన చోటు అని ఆ మాటకి అర్థం. ఇప్పుడు కాపలాకి ఏమీ లేదు లెండి. పాత ఊరి చుట్టూ 1920లో కట్టిన మట్టిగోడని 1957లో పడగొట్టేశారు. మా కిటికీలోంచి కనిపించేదల్లా 372 మీటర్ల లిబరేషన్ టవరూ, కింద బస్సుల కోసం నిలబడ్డ జనమూ. ఆ జనంలో చెవి ఒగ్గితే చాలు, కడపా, రాయచోటీ, గోదావరీ అన్నీ వినిపిస్తాయి. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుకి శుక్రవారం పొద్దున ఏం పనుంటుంది? బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోను చెయ్యడం. 2022 చలికాలంలో వీటికి మూడోది తోడైంది.

మా ప్రాజెక్టులో పనిచేసే ఒక ఇంగ్లీషాయన షువైఖ్ పారిశ్రామికవాడలోని ఒక గరాజ్‌లో మూల చోటు అద్దెకి తీసుకుని కారు కడుతున్నాడు. కొనడం కాదండీ, కట్టడం! లోటస్ సెవెన్ అని 1957లో ఇంగ్లండులో వచ్చిన బుల్లి స్పోర్ట్స్ కారు ఒకటుంది. తలుపులుండవు, పైకప్పుండదు, ఇంజనూ ఇద్దరు మనుషులూ తప్ప మరేమీ ఉండదు. ఆ రోజుల్లో పూర్తయిన కారు కొంటే అక్కడ పన్ను ఎక్కువ, విడిభాగాలుగా కొంటే ఆ పన్ను లేదు. అయితే బిగించే విధానం కాగితం మీద రాసివ్వకూడదని నిబంధన. అందుకని ఎలా విప్పాలో రాసిచ్చి, వెనకనుంచి చదువుకోమనేవారని చెప్పుకుంటారు. మన లెక్కల మాస్టార్లు కూడా మెచ్చుకునే తెలివి! 1973లో లోటస్ ఆ హక్కుల్ని కేటర్‌హామ్ అనే సంస్థకి ఇచ్చేసింది. ఆ కారు ఇప్పటికీ వస్తోంది, దాన్ని చూసి సొంతంగా కట్టుకునేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. మా ఇంగ్లీషాయన అందులో ఒకడు. అరిఫ్‌జాన్‌లోని కువైట్ మోటార్ టౌన్ ట్రాక్ మీద దీన్ని తిప్పాలని ఆయన కోరిక. లెక్కలూ కొలతలూ రాసిపెట్టడానికి నేను చేరాను.

మూడో మనిషి ఆ గరాజ్‌లో మెకానిక్. రాయచోటి దగ్గర పల్లె. పాతికేళ్ళ పైగా కువైట్‌లో ఉన్నాడు. నేను తెలుగువాణ్ణని తెలిసిన రోజునుంచీ "సార్" పోయి "సామీ" వచ్చింది. నాకు ఆయన "అన్న". ఫిబ్రవరి నెలాఖరుకి అకామా అయిపోతోంది, ఇంక రాయించుకోను, ఎగ్జిట్ కొట్టుకుని ఊరికి పోతానని అప్పటికే తేల్చేశాడు. అంటే కారు పూర్తవడానికి ఉన్న గడువు కూడా అదే.

అన్నీ అయ్యాయి. బానెట్ మిగిలింది. మామూలు కారుకైతే బానెట్ వెనకవైపు బందులుంటాయి, ముందు తాళం. లోపల లివర్ లాగినా పూర్తిగా తెరుచుకోదు, వేళ్ళతో తడుముకుని రెండో కొక్కెం కూడా తియ్యాలి. ఆ రెండో కొక్కెం ప్రాణాలు కాపాడేది. దీనికి అవేవీ లేవు. మీటరు పొడవున్న పల్చటి అల్యూమినియం రేకు, మూతలా పెట్టి మూతలా తియ్యడమే. దాన్ని పట్టి ఉంచేవి పక్కన బిగించే క్యాచ్‌లు మాత్రమే.

ఇంగ్లీషాయన రేకులో కలిసిపోయి బయటికి కనపడని రకం తెప్పించాడు. నొక్కితే తెరుచుకుంటాయి, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. అన్న వాటిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి బల్లమీద పెట్టేశాడు.

"సామీ, సొంపుగానే ఉండాయి. కానీ ఇవి పెట్టాలంటే రేకుకి ఇంతేసి బొక్క కొయ్యాల. కోసినాక ఈ పల్చటి రేకులో బలమేముంటాది? ఇంకోటి, గడియ పడిందీ లేందీ నాలుగడుగుల అవతల నుంచి కనపడాల. ఇది కనపడదే."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వి, కంపెనీవాళ్ళు పరీక్షించే అమ్ముతారన్నాడు. అన్న మళ్ళీ మాట్లాడలేదు. చాయ్ తెచ్చుకుని బయట కూర్చున్నాడు. నేనూ వెళ్ళి కూర్చున్నాను.

అప్పుడు చెప్పాడు. 1994లో వాళ్ళ అన్న అద్దె జీపు నడిపేవాడు. పాత జీపు బానెట్ చూసే ఉంటారు, రెండు పక్కలా స్ప్రింగు గడియలుంటాయి. ఒకవైపు స్ప్రింగు విరిగితే ఇనుప తీగెతో కట్టారు. రాయచోటి నుంచి కడపకి పోతూ గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నారు. పక్కసీట్లో ఈయన. పాలకోవా అంగళ్ళు దాటాక తీగె తెగింది. బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంది.

"దావ కనపళ్ళా సామీ. తెల్లగా రేకే. మా అన్న బండి కొండవారకి ఆనించి నిలబెట్టినాడు. పద్నాలుగు మంది బతికినారు. ఆయప్పకి అద్దం పడి ఒక కన్ను పోయింది. మళ్ళా బండి ముట్టుకోలా. రెండేండ్లకి నేను ఇట్లొచ్చినా."

చాయ్ గ్లాసు కడిగి బోర్లించి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాటలన్నీ ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది. ఇంగ్లీషాయన విని, ఆ ముచ్చటైన క్యాచ్‌లని డబ్బాలో సర్దేసి, "మీ అన్న ఏది పెట్టమంటే అది" అన్నాడు.

అన్న పెట్టమన్నది మనందరికీ తెలిసిన వస్తువే. స్టీలు క్యారేజీకి పక్కన ఉండే క్లిప్పు! ఇంజనీర్లు ఓవర్ సెంటర్ క్యాచ్ అంటారు. కొక్కేన్ని తగిలించి లివర్‌ని కిందికి నొక్కుతాం. మధ్యగీత దాటేదాకా స్ప్రింగు మన చేతితో కొట్లాడుతుంది. దాటాక అదే స్ప్రింగు లివర్‌ని మూసిన వైపుకి లాగి పట్టుకుంటుంది. కుదుపులొచ్చినా దానంతటది తెరుచుకోదు, ఎందుకంటే తెరుచుకోవాలంటే ముందు స్ప్రింగు ఇంకాస్త సాగాలి. మా అమ్మ సాంబారు క్యారేజీ బస్సులో ఎన్ని గోతులెక్కి దిగినా ఒలక్కపోవడానికి కారణం ఇదే.

ఇక నా వాటా లెక్క. గంటకి 120 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలిని ఒక పలక పూర్తిగా అడ్డుకుంటే చదరపు మీటరుకి సుమారు 65 కిలోల తోపుడు పడుతుంది. మా బానెట్ 0.7 చదరపు మీటర్లు. ముక్కులోంచి దూరిన గాలంతా కిందనుంచి దాన్నే తంతుందనుకున్నా 46 కిలోలు దాటదు. వేగం సగమైతే తోపుడు పావువంతే. ఊళ్ళో తిరిగినంతసేపూ బానే ఉన్న గడియ పెద్దరోడ్డెక్కగానే మోసం చెయ్యడానికి కారణం అదే. నాలుగు క్యాచ్‌లు పంచుకుంటే ఒక్కోదానికి 11 కిలోలపైన. ఒకటి ఊడినా మిగతా మూడు మొయ్యాలి, కాబట్టి ఒక్కోటి కనీసం 20 కిలోలకి నిలవాలని రాశాను.

ఎండ సంగతొకటుంది. ఈ దేశంలోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదయింది. అది నీడలో లెక్క. ఎండలో రేకు, కింద ఇంజను సెగ కలిస్తే చలికాలపు పొద్దుటికంటే 70 డిగ్రీలు పెరగడం పెద్ద విషయం కాదు. అంత వేడికి మీటరు అల్యూమినియం 1.6 మిల్లీమీటర్లు సాగుతుంది, కింది స్టీలు చట్రం అందులో సగమే సాగుతుంది. గట్టిగా బోల్టులతో బిగిస్తే రేకు ఉబ్బుతుంది. స్ప్రింగు కొక్కెమైతే ఆ తేడాని తనలో ఇముడ్చుకుంటుంది. మనుషుల్లోనూ అలాంటి వాళ్ళుంటారు, వాళ్ళవల్లే ఉమ్మడి కుటుంబాలు నడిచాయి.

బిగించే పద్ధతి చూసి నేను నేర్చుకున్నది చాలా ఉంది. బానెట్‌ని దాని రబ్బరు పట్టీ మీద కూర్చోబెట్టి, రేకుకి కాగితం టేపు అంటించాడు. టేపు మీద పెన్సిలు గీత. డ్రిల్లు బిట్టు జారకుండా, గీతలు రేకు మీద పడకుండా ఆ ఏర్పాటు. కొలత ఎప్పుడూ వెనక గోడనుంచే, కుడికీ ఎడమకీ ఒకటే. ఒక్కో క్యాచ్‌కి ఒక్క రంధ్రమే వేసి, తాత్కాలికంగా బిగించి, మూసి, తీసి, లాగుడు నిట్టనిలువుగా ఉందని చూసుకున్నాకే రెండో రంధ్రం. 3.2 మిల్లీమీటర్ల రివెట్‌కి 3.3 బిట్టు. రివెట్ వెనక వాషర్, లేకపోతే పల్చటి రేకుని చించుకుని వచ్చేస్తుంది. స్టీలుకీ అల్యూమినియానికీ మధ్య పల్చటి రబ్బరు ముక్క. సముద్రపు ఉప్పుతేమ తగిలిన చోట ఆ రెండు లోహాలూ ఆనుకుని ఉంటే అల్యూమినియం పొడిపొడిగా తినేసుకుపోతుంది. మా సాఫ్ట్‌వేర్‌లో తప్పుపోతే వెనక్కి నొక్కుకోవచ్చు. రంధ్రాన్ని వెనక్కి నొక్కలేం. అందుకే ఒక్కో గడియకి ఒక్కో శుక్రవారం.

పరీక్షకి పరికరం ఏదీ అంటే అన్న తన సంచిలోంచి లగేజీ తూకం తీశాడు. గల్ఫులో తెలుగువాళ్ళ గదుల్లో దేవుడి పటం లేకపోయినా ఉండే వస్తువు అది! పెట్టె బరువు కిలో ఎక్కువైతే విమానాశ్రయంలో విప్పుకోవాల్సిన బాధ అందరికీ తెలుసు. తూకం కొక్కేన్ని క్యాచ్ పక్కన రేకు అంచుకి తగిలించి పైకి లాగాం. 20 దాటింది, 22 దాటింది, 24 దగ్గర అంచు వెంట్రుకవాసి కదిలింది. నాలుగూ అంతే. అన్న తృప్తి పడలేదు. పైనుంచి అడ్డంగా ఒక తోలు పట్టీ కూడా వేశాడు. పాతకాలపు రేసుకార్లకి ఉండేదే. ఇంగ్లీషాయన మహా సంబరపడ్డాడు, అది అందానికని అనుకున్నాడు. అది రెండో కొక్కెం.

మాటల్లో నేను హైదరాబాదు బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం గురించి చెప్పాను. కె. సుధాకర్ గారు వంకాయలాగా, క్రికెట్ బ్యాటులాగా కార్లు తన చేతుల్తో కట్టి 2010లో దాన్ని తెరిచారు. అవి బొమ్మలు కావు, నడిచే బళ్ళు. 2005లో 41 అడుగులు దాటిన మూడుచక్రాల సైకిలు కట్టి, తొక్కి గిన్నిస్‌కి ఎక్కారు. అన్న అన్నీ విని ఒకే ప్రశ్న వేశాడు: "వంకాయకి ఇంజను యాడ తెరుస్తారు సామీ?"

ఫిబ్రవరిలో అన్న వెళ్ళిపోయాడు. తూకంలో పెట్టె 29 కిలోలు. అందులో ఆరు కిలోలు స్పానర్లే. ఊళ్ళో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేశాడు. ఒంటికన్ను అన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడట.

మార్చిలో కారు ట్రాక్ ఎక్కింది. ఇంగ్లీషాయన పది చుట్లు తిప్పి, హెల్మెట్ తీసి, ముందు బానెట్ వంకే చూశాడు. ఆ రాత్రి మిర్కాబ్‌లో గదికొచ్చి రాయచోటికి ఫోను చేశాను. వేగం ఎంతో, తోపుడు ఎంతో చెప్పబోతుంటే అన్న ఆపాడు.

"చప్పుడేమన్నా చేసిందా?"

"లేదన్నా. ఒక్కటీ కదల్లేదు."

"అయితే సరే. ఆ పట్టీకి నెలకోసారి ఆముదం రుద్దమని చెప్పు, ఎండకి పగులుతాది," అని, వాళ్ళన్నకి ఫోను ఇచ్చాడు.