కక్కు కొట్టిన రాళ్ళు

"అమ్మా, రేపు పెందరాళే లేవాలి, కొండ దగ్గర నడవడానికి వెళ్దాం" అని మా అమ్మాయి అంటే, "అక్కడ ఏ దేవుడున్నాడే?" అని అడిగాను. నవ్వకండి! అరవై దాటిన దాన్ని, కొండంటే నాకు తెలిసింది మెట్లూ, గుడీ, కొబ్బరికాయే మరి.

కిందటి అక్టోబరులో అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. వాళ్ళుండేది న్యూమెక్సికో రాష్ట్రంలో ఆల్బుకర్కీ అనే ఊళ్ళో. అమెరికా అంటే పచ్చికా, మంచూ అనుకుంటాం కదా, ఇది ఎడారి. ఊరే 5,000 అడుగుల ఎత్తున ఉంది. గాలిలో తేమ లేక, పెట్టిన వడియాలు ఇట్టే గలగలలాడతాయి. ఆ ఒక్క విషయంలో మాత్రం నాకా ఊరు తెగ నచ్చింది!

ఊరికి పడమట 17 మైళ్ళ పొడుగున నల్లరాళ్ళ గట్టు. లక్ష ఏళ్ళకు పైగానే పూర్వం అగ్నిపర్వతాల నుంచి పొంగి పారిన లావా గడ్డకట్టి, అంచులు విరిగి దొర్లిన బండలవి. వాటిమీద సుమారు 24,000 చెక్కడపు బొమ్మలున్నాయి. 1990లో ఆ మేరనంతా జాతీయ స్మారకంగా ప్రకటించారు. మేము వెళ్ళింది అందులో పియెద్రాస్ మార్కాదాస్ అనే కేన్యన్‌కి. కేన్యన్ అంటే గట్టు లోపలికి మడతపడినట్టుండే లోయ. ఆ పేరుకి స్పానిష్‌లో 'గుర్తులు పెట్టిన రాళ్ళు' అని అర్థమట.

మావారు మోకాళ్ళ పేరు చెప్పి తప్పించుకున్నారు. నేనూ, అమ్మాయీ, ఎనిమిదేళ్ళ మనవరాలూ బయల్దేరాం. పోయి రావడం సుమారు మైలున్నర. దారిలో నీళ్ళుండవు, నీడా ఉండదు. మనిషికి రెండు సీసాల నీళ్ళూ, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం, డబ్బాలో పులిహోర పట్టుకెళ్ళాం. చీరతో కష్టమని అమ్మాయి తన పంజాబీ డ్రెస్సూ, బూట్లూ తొడిగించింది. మైలున్నరేగా అనుకున్నాను గానీ, ఇసకలో మైలున్నర వేరు. అడుగు వేస్తే సగం వెనక్కి లాగేస్తుంది. తోకతో గిలక్కాయ చప్పుడు చేసే పాములుంటాయి, దారి వదలొద్దని అమ్మాయి హెచ్చరిక. ఇంక నేను మనవరాలి చెయ్యి వదిల్తే ఒట్టు.

మొదట నాకేమీ కనబడలేదు. అన్నీ నల్లబండలే. దీనికోసమా ఇంత పొద్దున్నే లేపింది అని లోపల విసుక్కున్నాను కూడా. "అమ్మమ్మా, అదుగో!" అని పిల్ల చూపించాక గానీ కళ్ళు పట్టలేదు. ఆ తరవాత ఎటు చూస్తే అటు బొమ్మలే. మొహాలు, పక్షులు, పాములు, చుట్టలు చుట్టిన గీతలు. ఒకచోట అరచెయ్యి, అయిదు వేళ్ళూ విడివిడిగా. మా నాయనమ్మ గోడకి పిడకలు కొడితే పడే చేతిగుర్తే నాకు గుర్తొచ్చింది. ఎక్కువ భాగం 1300కీ, 1680 ప్రాంతానికీ మధ్య అక్కడి ప్యూబ్లో ప్రజల పూర్వీకులు చెక్కినవట. తరవాత వచ్చిన స్పెయిన్ వాళ్ళ శిలువలు కూడా కొన్ని ఉన్నాయి.

దగ్గరికి వంగి చూశాను. గీతలు గీతలు కావు, చుక్కలు. రాతికి పైన ఏళ్ళ తరబడి పట్టిన నల్లటి పొర ఉంటుంది. ఇంకో రాయి పెట్టి కొడితే ఆ పొర పెచ్చు లేచి, లోపలి లేతరంగు బయటపడుతుంది. మసిబారిన గిన్నెను గోకినట్టన్నమాట. అలా చుక్క పక్కన చుక్క, వేల దెబ్బలు. చప్పుడు నా చెవిలో వినబడింది, ఎందుకంటే అది నాకు తెలిసిన చప్పుడే. "రోళ్ళకి కక్కు కొడతాం, సన్నికల్లుకి కక్కు కొడతాం" అని వీధిలో కేకేస్తే, మా అమ్మ పిలిచి అరుగు మీద కూచోబెట్టేది. వాళ్ళు ఉలితో టిక్కు టిక్కుమని అరిగిన రాతికి గరుకు తేల్చేవాళ్ళు. తరవాత అమ్మ గుప్పెడు బియ్యం నూరి పారబోసి, కడిగి, అప్పుడు గానీ పచ్చడి నూరేది కాదు.

నా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళింది. "అమ్మా, ముట్టుకోకు!" అంది అమ్మాయి. మన చేతి జిడ్డు తగిలినా బొమ్మ పాడవుతుందట. పైగా ప్యూబ్లో ప్రజలకు ఇవి పాత బొమ్మలు కావు, ఇప్పటికీ పవిత్రమైన చోటు. గట్టు కింద చూస్తే ఇళ్ళు దాదాపు బండల దాకా వచ్చేశాయి. ఈ స్మారకం గుండా రోడ్డు వెయ్యొద్దని వాళ్ళు ఏళ్ళ తరబడి అడ్డుపడ్డారట. అయినా 2007లో రోడ్డు పడింది.

అది విన్నాక పులిహోర సహించలేదు. అమ్మ పోయి రెండేళ్ళు. తెనాలి దగ్గర మా పుట్టిల్లు అపార్ట్‌మెంట్లకిచ్చేటప్పుడు తమ్ముడు "నీకేం కావాలో తీసుకో అక్కా" అన్నాడు. వెండి కుంకుమభరిణె, ఇత్తడి గంగాళం తెచ్చుకున్నాను. దొడ్లో సన్నికల్లు దగ్గర నిలబడి, "ఈ బరువెవరు మోస్తారు, మిక్సీ ఉందిగా" అని నా నోటితో నేనే అన్నాను. నా పెళ్ళిలో నేను తొక్కింది ఆ సన్నికల్లే.

ఆ రాత్రి, మనవైపు తెల్లవారిందని చూసుకుని తమ్ముడికి ఫోను చేశాను.

"ఆ సన్నికల్లేమయిందిరా?"

"అక్కడే ఉందక్కా. వాచ్‌మన్ పెళ్ళాం దానిమీదే పచ్చళ్ళు నూరుకుంటోంది. అడిగి తెచ్చేయనా?"

నాకు వెంటనే మాట రాలేదు. రోజూ నూరుకుంటున్న మనిషి దగ్గర్నించి ఏమని లాక్కుంటాం?

"వద్దులే. కక్కు అరిగిపోయుంటుంది, కొట్టించివ్వు. డబ్బులు నేనిస్తాను."

"కక్కు కొట్టేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారక్కా!"

"వెతుకు" అన్నాను.