జేబు మీద ఎవరి పేరో

షికాగోలో అక్టోబరంటే పొద్దున వణుకు, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం మళ్లీ వణుకు. చదువుకోడానికి వెళ్లిన గుంటూరు కుర్రాడు దానికో ఉపాయం కనిపెట్టాడు... పాతబట్టల దుకాణంలో దొరికిన ఎమ్-65 జాకెట్. 1965లో అమెరికా సైన్యం కోసం తయారైన ఆలివ్ రంగు కోటు అది. ముందు నాలుగు పెద్ద జేబులు, నడుం దగ్గర బిగించుకునే తాడు, కాలరు జిప్పులో మడిచి దాచిన టోపీ. చలి ముదిరితే లోపల దళసరి అస్తరు గుండీలతో తగిలించుకోవచ్చు. ఎండెక్కితే విప్పి సంచిలో పడేయొచ్చు. జడివానకి మాత్రం గొడుగు తప్పదు! 'టాక్సీ డ్రైవర్' (1976) సినిమాలో రాబర్ట్ డి నీరో తొడుక్కున్నదీ ఇలాంటిదే.

వీడియో కాల్‌లో అమ్మ కళ్లు జేబు మీద పడ్డాయి.

"ఏంట్రా ఆ పట్టీ?"

"దీన్ని వేసుకున్న సైనికుడి ఇంటిపేరమ్మా."

"పోయినవాళ్ల బట్టలేమో! తీసెయ్ నాయనా."

"పోయాడని ఎందుకనుకోవాలి?" అన్నాడు గానీ, ఆ రాత్రి కత్తెర తీశాడు. రెండు కుట్లు తెంపాక చెయ్యి ఆడలేదు.

నవంబరులో మంచు పడింది. సగం ఊడి వేలాడుతున్న ఆ పేరుని సూదీదారం తీసుకుని తనే మళ్లీ కుట్టాడు. ఈసారి ఫోన్లో అమ్మ పట్టీ వైపు చాలాసేపు చూసింది.

"లోపల అస్తరు వేసుకున్నావా?" అని మాత్రం అడిగింది.