మార్కెట్‌తో పంతం

షేర్ మార్కెట్‌లో చేతులు కాల్చుకున్నవాడు కనిపిస్తే చాలు, "ఆశకు పోయాడు" అని తేల్చేస్తాం. ఆశను అనవసరంగా ఆడిపోసుకుంటున్నామేమో అని నా అనుమానం. ఆశ మనిషిని మార్కెట్ గుమ్మం దాకా తీసుకొస్తుంది, అంతే. లోపలికి వచ్చాక జేబు ఖాళీ చేసేది పంతం.

నమ్మకం కుదరకపోతే, పొద్దున్నే తొమ్మిదింబావుకు ఫోన్ పట్టుకుని కూర్చున్న ఏ ఆప్షన్ల రాయుణ్ణైనా కాసేపు గమనించండి. నిఫ్టీ కాల్ ఆప్షన్ ఒక లాట్ 150 రూపాయల ప్రీమియానికి కొన్నాడు. 130కి దిగితే దానంతటదే అమ్ముడైపోయేలా స్టాప్‌లాస్ పెట్టాడు. బుద్ధిమంతుడే! ప్రీమియం 133కి దిగింది. వేలు మెల్లగా స్టాప్‌లాస్ మీదికి పోయి దాన్ని 120 చేసింది. 122 అయింది. ఈసారి స్టాప్‌లాసే ఎత్తేశాడు. పైగా ఇంకో లాట్ కొని "యావరేజ్" చేశాడు. పావుగంట కింద యూనిట్‌కు ఇరవై రూపాయలు పోతే పోనీ అనుకున్న మనిషి, ఇప్పుడు రెండు లాట్లు నెత్తిన పెట్టుకుని, ఎంత పోతుందో లెక్క కూడా చూసుకోకుండా కూర్చున్నాడు. ఈ పావుగంటలో నిఫ్టీ గురించి అతనికి కొత్తగా తెలిసిందేమీ లేదు. నష్టానికి అమ్మితే డబ్బు ఎలాగూ పోతుంది. దానితోపాటు "నా లెక్క తప్పింది" అని ఒప్పుకోవాలి. అదే మింగుడు పడటం లేదు.

ఇది లోకమంతటికీ ఉన్న జబ్బే. లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం పెట్టే బాధ ఎక్కువనీ, ఆ బాధ తప్పించుకోవడానికి మనిషి ఎంత సాహసానికైనా తెగిస్తాడనీ డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పారు. టెరెన్స్ ఓడీన్ అనే ఆర్థికవేత్త అమెరికాలో ఒక బ్రోకరేజీ సంస్థకు చెందిన 10,000 ఖాతాలు తిరగేసి, 1998లో ఆ లెక్కలు ప్రచురించాడు. జనం పెరిగిన షేర్లను గబగబా అమ్ముకుంటున్నారు, పడిపోయినవాటిని పట్టుకుని వేలాడుతున్నారు. తీరా చూస్తే, లాభానికి అమ్మేసిన షేర్లు తర్వాతి ఏడాదిలో, అట్టేపెట్టుకున్న నష్టాల షేర్ల కంటే సగటున 3.4 శాతం ఎక్కువ రాబడి ఇచ్చాయి.

మనకు అంత దూరం పోనక్కర్లేదు, సత్యం కంప్యూటర్స్ ఉంది. 2008లో 544 రూపాయల దాకా వెళ్లిన షేరు, 2009 జనవరి 7న ఖాతాల్లో మోసాన్ని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడిన రోజున ఒక్కసారిగా 40కి కూలింది. మరో రెండు రోజులకు పదకొండున్నరను కూడా చూసింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు పెట్టి కంపెనీని దక్కించుకుంది. ఈ వరసలో 544 అన్న అంకె ఎవరికి ముఖ్యం? ఆ ధరకు కొన్నవాడికి తప్ప ఇంకెవరికీ కాదు. మనం ఎంతకు కొన్నామో మార్కెట్‌కు తెలియదు, తెలిసినా జాలిపడదు. అందుకే పడిపోతున్న షేరును పట్టుకుని కూర్చున్నప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇది నా దగ్గర లేకపోతే, ఇవాళ ఈ ధరకు కొంటానా? కొననని లోపల్నుంచి జవాబు వచ్చాక కూడా అమ్మబుద్ధి కాకపోతే, అక్కడ ఆడుతున్నది పంతమే.

పంతం ఓడితే ఉక్రోషం వస్తుంది. పోయింది పోయినచోటే రాబట్టాలనిపిస్తుంది. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ)లో దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చింది. ఖర్చులతో కలిపి తలా సుమారు రెండు లక్షలు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ అంకెలు కాదు. వరసగా నష్టాలొస్తున్నా, నష్టపోయినవాళ్లలో 75 శాతానికి పైగా ట్రేడింగ్ మానలేదట. ఆశ ఒక్కటే అయితే రెండు దెబ్బలకు చల్లారిపోయేది.

"ఎమోషన్స్ పక్కన పెట్టండి" అని యూట్యూబ్ గురువులు చెబుతూనే ఉంటారు. పక్కన పెట్టడానికి అవేమైనా చెప్పులా? పెట్టలేం కానీ, రాసుకోగలం. కొన్న ధర, అమ్మిన ధర పక్కన ఇంకో గడి గీసుకుంటే చాలు. "10:40. మొదటి ట్రేడ్‌లో 2,200 పోయింది. దవడ బిగుసుకుంది. మూడు నిమిషాల్లో ఇంకోటి కొన్నాను." "1:15. 1,800 లాభం. ఇవాళ మనదే అనిపించింది. లాట్లు రెట్టింపు చేశాను." నెల తిరిగేసరికి ఎవరి గుట్టు వాళ్లకు తెలిసిపోతుంది. ఒకడికి నష్టం తర్వాతి అరగంట గండం. ఇంకొకడు లాభం వచ్చాకే బోల్తా పడతాడు. మరొకడికి వాట్సాప్ గ్రూపులో పక్కవాడి లాభం స్క్రీన్‌షాట్ కనబడితే కాలు నిలవదు. ఎవరి రోగానికి తగ్గ పథ్యం వాళ్లే పెట్టుకోవాలి. పెట్టుకునేది కూడా మార్కెట్ మూసిన తర్వాత, బుర్ర చల్లగా ఉన్నప్పుడు.

ఆ గడిని నిజాయితీగా నింపితే కొందరికి ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. ఆఫీసులో విసుగు పుట్టిన రోజునే ట్రేడ్లు ఎక్కువ ఉంటాయి. అంటే వాళ్లు మార్కెట్‌కు వచ్చేది డబ్బు కోసం కాదు, కాలక్షేపానికి. ఆ కాలక్షేపం ఖరీదైనదే. బ్రాడ్ బార్బర్‌తో కలిసి ఓడీన్ 66,465 అమెరికన్ కుటుంబాల లెక్కలు చూస్తే, 1991–96 మధ్య మార్కెట్ ఏడాదికి 17.9 శాతం ఇచ్చింది. అందరికంటే ఎక్కువగా కొని అమ్మినవాళ్లకు మిగిలింది 11.4 శాతమే. ఇది గ్రహించి ఎవరైనా ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్ మూసేసి, నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో సిప్ కట్టుకుంటూ పోతే, స్నేహితులు "భయపడి పారిపోయాడు" అంటారు. అననివ్వాలి. ఆ మాటకు రోషం తెచ్చుకుని మళ్లీ యాప్ తెరవకుండా ఉండగలిగితే, ఆ మనిషి ట్రేడింగ్ నేర్చుకున్నట్టే.