ఇద్దరు కలిసి తిరగాల్సిన బజారు

"కోఠి పోదామా?" అని స్నేహితురాలు ఫోన్ చేస్తే ఏం కొనాలని ఎవరూ వెంటనే అడగరు. పట్టుచీరకు జాకెట్ గుడ్డ, పిల్లవాడి పోటీ పరీక్షకు పాత పుస్తకం, అత్తగారు చెప్పి పంపిన గోధుమరంగు దారం ఉండ, ఇలా ఏదో ఒక సాకు దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఇవి దొరికే చోట్లు ఇంకా చాలా ఉన్నాయి. అయినా కోఠి అనుకోగానే మధ్యాహ్నం భోజనం త్వరగా ముగించి, చెప్పులు నడకకు పనికొచ్చేవి చూసుకుని, పెద్ద సంచీ మడిచి చేతిసంచీలో పెట్టుకుని బయల్దేరుతాం.

కోఠి మహిళా కళాశాల దగ్గర మొదలుపెడితే సుల్తాన్ బజార్, బడీచౌడీ, బ్యాంక్ స్ట్రీట్, పుత్లీబౌలి మీదుగా మొజంజాహీ మార్కెట్‌కు దూరం కిలోమీటరున్నర, కాస్త అటూఇటూ. దుకాణాల్లోకి తొంగిచూడకుండా నడిస్తే ఇరవై నిమిషాల పని. ఇద్దరు స్నేహితులు వెళితే మాత్రం సాయంత్రమైపోతుంది. ఈ ప్రాంతం గొప్పతనమంతా ఆ తేడాలోనే ఉందని నా నమ్మకం.

రెసిడెన్సీ నీడలో పెరిగిన వీధులు

ఈ బజారు ఇక్కడే ఎందుకు పుట్టిందో తెలియాలంటే కళాశాల ఆవరణలోని తెల్లని స్తంభాల భవనం చూడాలి. నిజాం కొలువులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో, 1803 ప్రాంతంలో రెసిడెన్సీగా దీని నిర్మాణం మొదలైంది. చుట్టుపక్కల స్థలమంతా రెసిడెన్సీ అధికారం కిందికి వచ్చింది. నగరంలో ఎలాంటి కల్లోలం రేగినా ఇక్కడ సొమ్ము భద్రంగా ఉంటుందన్న ధీమాతో వడ్డీ వ్యాపారులు, సాహుకార్లు వచ్చి చేరారు. గుజరాతీలు, మార్వాడీలు, మరాఠీలు ఇళ్ళు కట్టుకుని, కింద దుకాణం, పైన కాపురం పెట్టారు. అదే రెసిడెన్సీ బజార్. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. కోఠి బస్టాండు దగ్గర వాళ్ళ జ్ఞాపకంగా స్తూపం ఉంది. 1933లో ఈ ప్రాంతం తిరిగి నిజాం పాలనలోకి వచ్చాక సుల్తాన్ బజార్ అయింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక రెసిడెన్సీ భవనం ఆడపిల్లల చదువుకు దక్కింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద నడిచిన ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. జిల్లాల నుంచి వచ్చిన కొన్ని తరాల ఆడపిల్లలకు నగరంతో తొలి పరిచయం ఈ గేటు బయటి వీధుల్లోనే. హాస్టల్ అమ్మాయి చేతిలోని కొద్ది డబ్బుకు గాజులు, క్లిప్పులు, చున్నీ, ప్లేటు చాట్ అన్నీ సరిపోవాలి. కోఠిలో సరిపోయేవి. ఇప్పటికీ ఈ బజారు సరుకంతా ఆ లెక్కకు తగ్గట్టే ఉంటుంది.

కోఠి చౌరస్తా చుట్టూ పాత పుస్తకాల దుకాణాలున్నాయి. పక్కనే ఉస్మానియా వైద్య కళాశాల ఉంది కాబట్టి బరువైన వైద్య గ్రంథాలు ఒక వరసలో, గ్రూప్స్, బ్యాంకు పరీక్షల పుస్తకాలు ఇంకో వరసలో పేర్చి ఉంటాయి. ఏ పుస్తకం పేరు చెప్పినా దుకాణదారు లేచి వెతకడు. కూర్చున్న చోటి నుంచే కుర్రాడికి చెప్తాడు, "పై నుంచి మూడోది తియ్." నిజంగానే అది మూడోదే అవుతుంది. పుస్తకాలే ముఖ్యమనుకునేవాళ్ళు ఆదివారం రావాలి. ఆరోజు అబిడ్స్‌లో షాపులు మూసేస్తారు, వాటి ముందున్న ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు.

రంగు కుదిరేదాకా

సుల్తాన్ బజార్‌లో, బడీచౌడీలో తీరిగ్గా చూడాల్సినవి మ్యాచింగ్ సెంటర్లు. నేల నుంచి కప్పు దాకా తానులు, ఒక్కో రంగులో పది ఛాయలు. ఎరుపంటే అక్కడ ఒక రంగు కాదు. మిరపపండు ఎరుపు, కుంకుమ ఎరుపు, దానిమ్మ, మెరూన్ వేరువేరుగా ఉంటాయి. నెమలికంఠం, వంకాయరంగు, ఉల్లిపొరరంగు, కనకాంబరం, రాణీ పింక్, ఏనుగురంగు అని మనం అడగడమే ఆలస్యం, దుకాణదారు చెయ్యి తిన్నగా ఆ తాను మీదికే పోతుంది. చీర అంచు చేత్తో పట్టుకుని ఒక్కసారి చూస్తాడు. ఆ తర్వాత చీర వంక చూడకుండానే మూడు తానులు లాగి బల్ల మీద పడేస్తాడు. వాటిలో ఒకటి కచ్చితంగా కుదురుతుంది.

కుదిరిందా లేదా అన్నది ట్యూబ్‌లైట్ కింద తేలదు. అనుభవం ఉన్నవాళ్ళు చీర కొంగు, గుడ్డ రెండూ పట్టుకుని గుమ్మంలోకి వస్తారు. ఇద్దరుంటే ఇక్కడే సుఖం. ఒకరు ఎండలో పట్టుకుని నిలబడాలి, ఇంకొకరు నాలుగడుగులు వెనక్కి వేసి చూడాలి. "కాస్త నీలం కొడుతోందే," అంటే మళ్ళీ లోపలికి. ఆయన విసుక్కోడు. ఇంకో తాను తీస్తాడు. నచ్చాక అడిగేది ఒకే మాట, "ఎనభయ్యా, మీటరా?" చేతులు పొట్టివైతే ఎనభై సెంటీమీటర్లు, మోచేతి దాకా కావాలంటే మీటరు. రూబియా గుడ్డైతే కొలిచి, కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని చర్రున చింపుతాడు. చింపు నూలు వెంట తిన్నగా పోతుంది. కత్తెర అంత తిన్నగా పోదు. ఫాల్ ఇచ్చేటప్పుడు మాత్రం ఎవరూ అడక్కుండానే సలహా చెప్తాడు, "ఒకపూట నీళ్ళలో నానేసి, ఆరేశాక కుట్టించండమ్మా, లేకపోతే ఉతికాక అంచు ముడుచుకుంటది."

ఫాల్ కుట్టి పికో చేసేవాళ్ళు ఆ సందుల్లోనే మిషన్లు వేసుకుని కూర్చుంటారు. చీర ఇస్తే గంటలో అంటారు, ఒక్కోసారి రెండు గంటలవుతుంది. ఈ ఎదురుచూపే ఇక్కడి మధ్యాహ్నాన్ని సాగదీస్తుంది. చీర మిషన్ మీద ఉంది కాబట్టి ఇంటికి పోలేం. అందుకే గాజులు చూస్తాం, లేసులు చూస్తాం, వన్ గ్రాము నగలు మెడకు పెట్టుకుని అద్దంలో చూసుకుంటాం. అప్పుడు కడుపు గుర్తొస్తుంది.

బేరం ఇద్దరి పని

ఫుట్‌పాత్ మీద చెప్పులు, బ్యాగులు, కుర్తీలు అమ్మేవాళ్ళ పిలుపులు తెలుగు, దక్కనీ ఉర్దూ కలగలిసి వినిపిస్తాయి. "సూడుండ్రి అక్కా, సూస్తే పైసలు లెవ్వు!" ఆ పిలుపుకు ఆగామంటే బేరం మొదలైనట్టే. ఒంటరిగా వెళ్ళినవాళ్ళు బేరంలో నెగ్గడం కష్టం, ఎందుకంటే వస్తువు నచ్చిన సంగతి ముఖంలో తెలిసిపోతుంది. ఇద్దరు వెళితే పని పంచుకోవచ్చు. ఒకరికి బ్యాగు తెగ నచ్చాలి, ఇంకొకరికి అస్సలు నచ్చకూడదు.

"మూడొందల యాభై అక్కా, మీరని చెప్తున్న."

"వద్దులేవే, జిప్పు చూడు ఎట్లుందో. పద."

ఈ "పద" అన్న మాటకే ధర దిగుతుంది. రెండడుగులు వేశాక వెనకనుంచి మూడొందలు, మలుపు దాకా పోతే రెండొందల యాభై. అమ్మేవాడికి ఈ ఆట కొత్త కాదు, మనకూ కాదు. ఒకరినొకరు మోసం చేసుకుంటున్నామని ఎవరూ అనుకోరు. ఎండలో పొద్దంతా నిలబడేవాడి దగ్గర ఆఖరి పది రూపాయల కోసం పట్టుబట్టకూడదన్నది నా స్నేహితురాలి నియమం, ఇప్పుడు నాది కూడా. బేరం కుదిరాక చిల్లర లెక్కపెడుతూ వాళ్ళు మన ఊరడుగుతారు, మనం వాళ్ళది అడుగుతాం. నల్లగొండో, మహబూబ్‌నగరో, గుల్బర్గానో చెప్తారు.

చాట్, ఆపైన ఒక గ్రంథాలయం

కోఠిలో ఆకలి తీరేది గోకుల్ చాట్ దగ్గర. కూర్చునే చోటు కోసం చూడకూడదు. ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడే తినాలి. ఒకరు దహీపూరీ, ఒకరు రగడా తీసుకుని సగంలో ప్లేట్లు మార్చుకోవడం మా ఇద్దరి పద్ధతి. 2007 ఆగస్టు 25న ఇక్కడా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఇలా సరదాగా సాయంత్రం బయటికి వచ్చినవాళ్ళే. దుకాణం మళ్ళీ తెరిచింది, జనం మళ్ళీ వచ్చారు. భయపడి ఆగిపోకుండా అదే చోట నిలబడి తినడానికి వచ్చినవాళ్ళ మీద నాకు గౌరవం.

తెలుగు చదివేవాళ్ళు ఇక్కడి నుంచి హనుమాన్ టేకిడీ వైపు తప్పక మళ్ళాలి. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉన్నది అక్కడే. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో, 1901 సెప్టెంబరు 1న, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వంటివాళ్ళు దీన్ని నెలకొల్పారు. మొదట రావిచెట్టు రంగారావు ఇంట్లోనే నడిచింది. ఇక్కడికి దగ్గర్లోనే, జాంబాగ్ వైపు, వివేకవర్ధిని విద్యాసంస్థ ఉంది. 1921 నవంబరులో అక్కడ జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి సాగనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది, అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. సభలో మాట్లాడనివ్వని భాషలో ఇప్పుడు వీధంతా బేరాలు సాగుతున్నాయి. జాకెట్ గుడ్డ కోసం వచ్చినవాళ్ళు పది నిమిషాలు ఈ గ్రంథాలయం మెట్లెక్కితే ఆ భాష విలువ తెలుస్తుంది.

మొజంజాహీలో సాయంత్రం

ఎండ తగ్గేసరికి చీర చేతికొస్తుంది. పుత్లీబౌలి దాటి నడిస్తే గ్రానైట్ గోడలు, గడియారపు గోపురంతో మొజంజాహీ మార్కెట్ కనిపిస్తుంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1935లో, ఆయన రెండో కొడుకు మొజం జా పేరు మీద వెలిసింది. ఒకప్పుడు నగరానికి పండ్ల మార్కెట్ ఇది. టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలిపోయాక కొన్నేళ్ళు కళ తప్పింది. గోడల మీది రంగులు, బోర్డులు, అడ్డుతెరలు తీసేసి మరమ్మతు చేశాక 2020లో రాతి అందం మళ్ళీ బయటపడింది.

కాళ్ళు నొప్పెట్టే వేళకు ఇక్కడి ఐస్‌క్రీమ్ అందుతుంది. కాలాన్ని బట్టి పండు మారుతుంది. వేసవిలో మామిడి, వానలు తగ్గేవేళ సీతాఫలం. సీతాఫలం నాటికి వెళ్ళగలిగితే అదృష్టమే. గింజ తీసిన తొనల గుజ్జు పంటికి తగులుతుంది. ఆరుబయట కుర్చీలున్నాయి కాబట్టి ఆ రోజంతట్లో మొదటిసారి నిజంగా కూర్చుని మాట్లాడుకునేది ఇక్కడే. ఇంటికి పట్టుకెళ్ళడానికి హమీదీ మిఠాయి దుకాణంలో జౌజీ హల్వా ఉంది. మొలకెత్తిన గోధుమల పిండి, పాలు, నెయ్యి గంటల తరబడి కలియబెట్టి చేసే ముదురు గోధుమరంగు మిఠాయి అది. దేశ విభజన వేళ సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నానీ 1953లో కరాచీ బేకరీ మొదటి దుకాణం తెరిచింది కూడా ఈ మార్కెట్ దగ్గరే. ఓపిక మిగిలితే అబిడ్స్ దాకా పోయి తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ, కాఫీతో ముగించవచ్చు.

ఈ బజారు ఇలాగే ఉండాలంటే

2020 ఫిబ్రవరి నుంచి సుల్తాన్ బజార్‌కు మెట్రో వచ్చింది. ఆ పనులకు వ్యతిరేకంగా ఇక్కడి వ్యాపారులు ఏళ్ళ తరబడి పోరాడారు, ఇరుకు వీధిలో స్తంభాలు నిలబడ్డాయి. అయితే దూరపు కాలనీల నుంచి సంచీలతో వచ్చే ఆడవాళ్ళకు ప్రయాణం తేలికైందన్నదీ నిజమే. వచ్చాక పడే ఇబ్బందులు మాత్రం తీరలేదు. ఆడవాళ్ళు నమ్మకంగా వాడుకోగల మరుగుదొడ్డి దొరకదు, పెద్దవాళ్ళు ఐదు నిమిషాలు కూర్చోవడానికి బల్ల ఉండదు, బండ్ల మధ్య దారి వెతుక్కోవాలి. చాలామంది మాల్‌కు మళ్ళుతున్నది ధర కోసం కాదు, ఈ మూడింటి కోసమే.

నడిచే వీలు పోతే ఇక్కడి వ్యాపారమే పోతుంది, ఎందుకంటే ఈ వీధుల్లో సగం అమ్మకాలు ముందు అనుకోనివే. పికో అయ్యేదాకా ఆగినవాళ్ళు గాజులు కొంటారు, గాజులు కొన్నవాళ్ళు చాట్ తింటారు, చాట్ తిన్నవాళ్ళు పుస్తకం దగ్గర ఆగుతారు. ఒకరి గిరాకీ ఇంకొకరికి అందుతుంది. అందుకే రోడ్డు వెడల్పు చేయడం కంటే ముందు ఫుట్‌పాత్, బల్లలు, మరుగుదొడ్లు చూడాలని నగరపాలకులను అడగాలి. ఈలోగా మనం చేయగలిగింది కూడా ఉంది. చాన్నాళ్ళుగా కలవని స్నేహితురాలికి ఫోన్ చేసి, ఏదో ఒక చీరకు జాకెట్ గుడ్డ కావాలని చెప్పి, ఒక పనిరోజు మధ్యాహ్నం ఖాళీ పెట్టుకోమనండి.