ఇద్దరివీ ఘుంగ్రాలే బాల్

మహానంది దగ్గర అరటితోటల మధ్య ఊరు మాది. నాకు వచ్చింది దాదీమా జుట్టు, ఘుంగ్రాలే బాల్. మొదటి రిష్తా వచ్చినప్పుడే అమ్మీ నంద్యాల తీసుకెళ్లి పార్లర్‌లో స్మూథనింగ్ చేయించింది. మూడు రోజులు తలకు తడి తగలకూడదన్నారు. వుజూలో మసహ్ చేయాలన్నా గుబులే. నికా అయ్యాక కూడా ఏడాదికోసారి అదే తంతు.

నా బేటీకి ఐదేళ్లు. దానివీ అవే ఉంగరాలు. "అమ్మీ, నా బాల్ ఎప్పుడు సీదా చేయిస్తావ్?" అని అడిగిన రోజు నుంచి పార్లర్ మానేశాను.

మానేసినంత మాత్రాన పాత వెంట్రుక మళ్లీ ఉంగరాలు తిరగదు. వెంట్రుకకు వంపునిచ్చే గంధకపు బంధాలను ఆ మందు తెంచి, సాగదీశాక మళ్లీ అతికిస్తుంది. కుదుళ్ల నుంచి వచ్చే కొత్తదే అసలు జుట్టు. అది నెలకు సుమారు 1 సెంటీమీటరు. ఏడాదికి జానెడు కూడా రాదు. పైన రింగులు, కింద గడ్డిపోచలు. రెండూ కలిసేచోటే పుటుక్కున తెగుతుంది. అందుకే తడి మీదే కాస్త నూనె రాసి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీస్తాను. రెండు నెలలకోసారి కొసలు కత్తిరిస్తాను.

"దుపట్టా కప్పుకుంటే ఎవరికి కనిపిస్తుంది, ఎందుకీ తిప్పలు?" అంటారు మా సాస్. కనిపించాల్సింది ఊరికి కాదు, ఇంట్లో అద్దం ముందు నిలబడే నా బిడ్డకు.

మొన్న జుమ్మా రోజు ఇద్దరం తలస్నానం చేసి ఎండలో కూర్చున్నాం. నా నెత్తి తడిమి, "అమ్మీ, నీకూ నా జుట్టే వస్తోంది!" అంది. మాషా అల్లా! ఇంకో ఏడాది సబర్ చేయడానికి నాకు ఆ మాట చాలు.